చాకలి పద్దు ఆగిపోయిన చోట

మార్కాపురంలో మా అమ్మ తన పాత వాషింగ్ మెషిన్‌ను వదిలించుకుందామనుకుంది. 1996లో కొన్న రెండు తొట్ల మెషిన్ అది. ఒక తొట్టి ఉతకడానికి, రెండోది గిర్రున తిప్పి నీళ్ళు పిండడానికి. పాత సామాన్లు కొనే అబ్బాయి వాకిట్లో బండి ఆపి లోపలికొచ్చాడు. మూత ఎత్తలేదు. మెషిన్‌ను ఒక పక్కకు వంచి అడుగున చూశాడు. "మోటారుకి రాగి తీగ చుట్టారా, అల్యూమినియమా అమ్మా?" అనడిగాడు. అమ్మ నా వైపు చూసింది. ఆ మెషిన్ పక్కన అన్నేళ్ళు నిలబడిన మనిషికి తెలియని సంగతి మీద దాని ధర ఆధారపడి ఉంది. రాగి అయితే ఒక రేటు, కాకపోతే ఇంకో రేటు. మిగతా రేకూ ప్లాస్టిక్కూ తూకానికి పోతాయి.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. విలువ కట్టడం నా వృత్తి కూడా. తెలుగు స్త్రీల కథల మీద పరిశోధన చేసినదాన్ని. ఆ రోజుల్లోనే నా సిద్ధాంత గ్రంథాన్ని పుస్తకంగా తేవడానికి తిరగరాస్తున్నాను. అందులో ఒక వాక్యం ఉంది. గ్యాస్ పొయ్యి, మిక్సీ, వాషింగ్ మెషిన్ మధ్యతరగతి స్త్రీకి తీరికనిచ్చాయనీ, స్త్రీవాద రచన వెనుక ఆ తీరిక ఉందనీ రాశాను. వైవాలో ఎవరూ దాన్ని ప్రశ్నించలేదు. నేనూ ప్రశ్నించుకోలేదు. ఈ వ్యాసం ఆ వాక్యం మీద విమర్శ.

ముందు, పాత వాషింగ్ మెషిన్లకు ప్రేమతో విలువ కట్టేవాళ్ళ గురించి చెప్పాలి. అలాంటివాళ్ళున్నారు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, ఈటన్ అనే ఊళ్ళో, లీ మాక్స్‌వెల్ అనే రిటైరైన ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ వెయ్యికి పైగా వాషింగ్ మెషిన్లు సేకరించి మ్యూజియం పెట్టారు. విరిగినవి తెచ్చి బాగుచేసి, తిరిగేట్టు చేశారు. సేకర్తలు మెషిన్‌ను చూసే తీరు వేరు. ఏ ఏడాదిది, ఏ మోడల్, అలాంటివి ఇంకెన్ని మిగిలి ఉన్నాయి, పిండే రబ్బరు రోలర్లు అసలువేనా తర్వాత మార్చారా, రంగు మొదటిదేనా, మోటారు తిరుగుతుందా అని చూస్తారు. ప్రతి ప్రతుల్లో పాఠాంతరాలు చూసి, ఏది మూలమో, ఏది తర్వాత చేరిందో తేల్చే పరిష్కర్త పనికి ఇది దగ్గరి చుట్టం. అందుకే నాకు గౌరవం కలిగింది.

ఈ పరిశీలన వల్ల మేలూ జరిగింది. విద్యుత్ వాషింగ్ మెషిన్‌ను కనిపెట్టింది 1910లో పేటెంటు పొందిన ఆల్వా ఫిషర్ అని చాలా పుస్తకాలు రాస్తూ వచ్చాయి. అంతకు ముందే వేరేవాళ్ళ పేటెంట్లు ఉన్నాయని చూపి ఆ కథను సరిదిద్దినవాళ్ళలో మాక్స్‌వెల్ ఒకరు. 1922లో మేటాగ్ కంపెనీ తొట్టి అడుగున రెక్కలు పెట్టి నీళ్ళను తిప్పిన పద్ధతి, 1937లో బెండిక్స్ కంపెనీ చూపించిన, తనంతట తానే ఉతికి జాడించి పిండే మెషిన్, 1930ల చివర హామిల్టన్ కంపెనీ 'జూన్ డే' పేరుతో అమ్మిన డ్రయర్ - వీటి మధ్య సంబంధం మనకు తెలుస్తుందంటే ఇలాంటి సేకరణల వల్లే. మంచు కురిసే ఊళ్ళలో ఏడాది పొడుగునా జూన్ నెల ఎండ ఇస్తానని ఆ డ్రయర్ పేరులోనే చెప్పింది. మాకు జూన్ ఎండ కొనుక్కోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. గిద్దలూరులో మేడమీద ఆరేసిన దుప్పటి గంటలో పెళపెళలాడుతుంది.

మాక్స్‌వెల్ 2003లో తెచ్చిన వాషింగ్ మెషిన్ల చరిత్రకు పెట్టిన పేరుకు తెలుగు చేస్తే 'స్త్రీల ప్రాణాలు కాపాడండి' అని వస్తుంది. నా అభ్యంతరం ఈ పేరుతో మొదలవుతుంది. స్త్రీల పేరు అట్ట మీద ఉంది. కొలతలన్నీ మెషిన్‌వి. మ్యూజియంలో నడిచే మెషిన్ ఉంటుంది; దానిలో నీళ్ళు పోసిన చెయ్యి ఉండదు. సేకర్త దృష్టిలో వాడకం వల్ల వచ్చిన అరుగుదల లోపం. గీత పడిన మూతకన్నా గీత లేని మూతకు విలువ ఎక్కువ. అంటే ఏ స్త్రీ చెయ్యీ తగలని మెషిన్ అన్నిటికన్నా విలువైనదన్నమాట.

రెండో విలువ హాన్స్ రోస్లింగ్ కట్టింది. స్వీడన్‌కు చెందిన ఈ ప్రజారోగ్య శాస్త్రవేత్త 2010లో చేసిన ప్రసంగం చాలామంది విన్నదే. తన చిన్నప్పుడు ఇంటికి మెషిన్ వచ్చిన రోజున నాయనమ్మ మీట నొక్కి, దాని ముందు కూచుని చివరిదాకా చూసిందని ఆయన చెప్పారు. అమ్మకు దొరికిన సమయంలో తనను లైబ్రరీకి తీసుకెళ్ళిందనీ, మెషిన్‌లో బట్టలు వేస్తే పుస్తకాలు బయటికొచ్చాయనీ అన్నారు. ప్రపంచంలో అప్పటి ఏడు వందల కోట్లమందిలో రెండు వందల కోట్లమందికే మెషిన్ అందుబాటులో ఉందని లెక్క చెప్పారు. మొదటిసారి విన్నప్పుడు నా కళ్ళు చెమర్చాయి. నా సిద్ధాంత గ్రంథంలో వాక్యం ఇదే ఆలోచనకు తెలుగు రూపం.

నీళ్ళు మోసుకొచ్చి చేత్తో ఉతికే స్త్రీల గురించి రోస్లింగ్ కూడా మాట్లాడారు. అయితే వాళ్ళను ఒక వైపు, మెషిన్ ఉన్న స్త్రీలను మరో వైపు నిలబెట్టారు. పడమటి ప్రకాశంలో ఈ రెండు వైపులూ ఒకే ఇంట్లో, ఒకే మనిషిలో ఉన్నాయి.

మా ప్రాంతం తెలియనివాళ్ళకు నాలుగు మాటలు. నల్లమల పక్కనే ఉన్నా మాది నీళ్ళు లేని సీమ. వర్షాలు తక్కువ, బోరు నీళ్ళలో ఫ్లోరైడ్, ఉప్పదనం. విజయనగర కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కంభం చెరువు ఒక స్త్రీ, వరదరాజమ్మ, పేరుతో ముడిపడి ఉంది. 2020లో దానికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణ నీళ్ళను నల్లమల కింది నుంచి తెచ్చే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. జంట సొరంగాలను ప్రారంభించింది 2024 మార్చిలో. మా ఇంటికి మెషిన్ వచ్చిందీ ఆ 1996లోనే. సొరంగాలు పూర్తయ్యేసరికి మెషిన్ ముసలిదైపోయింది.

1980ల చివర, 1990లలో వీడియోకాన్, టీవీఎస్ వర్ల్‌పూల్, బీపీఎల్ లాంటి పేర్లతో మన మధ్యతరగతి ఇళ్ళలోకి వాషింగ్ మెషిన్ వచ్చింది. మార్కాపురం ఇళ్ళలో రెండు తొట్ల రకమే నిలిచింది. ధర తక్కువన్నది ఒక కారణం. అసలు కారణం, దానికి కుళాయి అక్కర్లేదు. బిందెతో పోయొచ్చు. మా తొట్టికి నాలుగు బిందెలు పట్టేది. ఉతకడానికి నాలుగు, రెండుసార్లు జాడించడానికి ఎనిమిది, మొత్తం పన్నెండు. ఆ పన్నెండు బిందెలూ ట్యాంకరు దగ్గర పట్టి, ఎత్తి, లోపలికి మోసింది అమ్మ. అందుకని ఒకే సబ్బునీళ్ళలో ముందు తెల్లవి, తర్వాత రంగువి, చివర మసిగుడ్డలు వేసేది. జాడించిన నీళ్ళను గొట్టంతో బక్కెట్లలోకి పట్టి, మరునాటి ఉతుక్కో, మరుగుదొడ్డికో దాచేది. పిండే తొట్టి మా ఇంట్లో బట్టలు ఆరడానికి కాదు, బట్టల్లోని ఆఖరి చెంబెడు నీళ్ళు వెనక్కి రాబట్టడానికి. ఆ నీళ్ళలో సబ్బు సరిగా నురగ రాదు కాబట్టి పొడి ఎక్కువ వెయ్యాలి, పొడి ఎక్కువైతే మళ్ళీ జాడించాలి. కరెంటు లేని పల్లెలకు అమ్మడానికి మేటాగ్ కంపెనీ పెట్రోలు ఇంజన్‌తో నడిచే మెషిన్లు చేసింది. నీళ్ళు లేని ఊరికి మెషిన్ చేసినవాళ్ళు లేరు. ఆ లోటును అమ్మ నడుము పూడ్చింది.

మూడో విలువ స్త్రీవాదులు కట్టింది. సాంకేతిక చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో రాసిన పుస్తకం పేరే 'అమ్మకు మరింత పని' అన్న అర్థంలో ఉంటుంది. ఇంటి యంత్రాలు ముందుగా తగ్గించింది మగవాళ్ళ పనినీ, పిల్లల పనినీ, పనివాళ్ళ పనినీ అని ఆమె చూపారు. బయటి లాండ్రీలకో, ఉతికే మనిషికో వెళ్ళే బట్టలు మెషిన్ వచ్చాక ఇల్లాలి దగ్గరికి తిరిగొచ్చాయి. శుభ్రత కొలత పెరిగింది. వారానికొకసారి మార్చే దుస్తులు రోజూ మార్చేవయ్యాయి. మెషిన్ మిగిల్చిన గంటల్ని పెరిగిన బట్టలు తినేశాయి. నా వాక్యానికి ఇంతకన్నా సూటి సమాధానం ఉండదు. మన దేశంలోనూ, 2024 కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు దాని మీద రోజుకు సగటున 289 నిమిషాలు పెడితే, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారు. 2019 సర్వేలో అవి 299, 97. అయిదేళ్ళలో స్త్రీకి పది నిమిషాలు తగ్గితే, మగవాడికీ తొమ్మిది తగ్గాయి!

కానీ కోవన్ దగ్గర ఆగిపోతే మనది సగం విమర్శే అవుతుంది. ఆమె వాదంలో పక్కకు తప్పుకునే 'ఉతికే మనిషి' ఎవరు? అమెరికా దక్షిణాదిలో ఆమె నల్లజాతి స్త్రీ. 1881లో అట్లాంటా నగరంలో ఉతికే స్త్రీలు రేటు పెంచాలని సమ్మె చేశారు. చరిత్రకారిణి టెరా హంటర్ 1997 నాటి పుస్తకంలో ఆ కథ రాశారు. మన దగ్గర ఆ మనిషికి కులం పేరుంది.

మా ఇంటి బట్టలు ఉతికిన అవ్వ పేరు ఇక్కడ రాయను. మా నాయనమ్మ, అమ్మ ఆమెను పేరు పెట్టి, ఏకవచనంలో పిలిచేవాళ్ళు. ఆమె నాకన్నా నలభై ఏళ్ళు పెద్ద. పల్లెలో ఉన్నన్నాళ్ళూ ఏడాదికోసారి కళ్ళంలో మేర గింజలు, రోజూ రాత్రి ఇంటింటి అన్నం. టౌనుకొచ్చాక పద్దు. అమ్మ ఒక నోటుబుక్కులో రాసేది - చీరలు 4, పంచెలు 3, దుప్పట్లు 2, పిల్లల గౌన్లు 5 అని. అవ్వకు చదువు రాదు. దేశమంతటికీ బడిపిల్లల పలకలు పంపిన ఊరు మార్కాపురం. ఆమె చేతికి మాత్రం పలక రాలేదు. అయితే ఆమెకు తన లిపి ఉంది. నల్లజీడి రసంతో బట్ట కొసన పెట్టే గుర్తు. మాది రెండు చుక్కలూ ఒక అడ్డగీతా. పాత దుప్పట్ల మీద ఆ గుర్తు ఇప్పటికీ ఉంది. అన్ని ఉతుకులకూ పోలేదు.

మెషిన్‌ను అమ్మే ముందు అవ్వను కలిశాను. ఈమధ్య ఆమె గిద్దలూరులో కొడుకు దగ్గర ఉంటోంది. వాషింగ్ మెషిన్ మీద నీ అభిప్రాయం ఏమిటని అడిగాను. పరిశోధకురాలి ప్రశ్న! ఆమె నవ్వింది. "అది గుడ్డను తిప్పుద్దిగానీ సూడదమ్మా" అంది. కాలరు మురికి, పైట కొసన పసుపు మరక, చంటిపిల్లల గుడ్డ - ఒక్కోదానికి ఒక్కో తీరు. చవుడు ఎంత, బానలో ఉడకబెట్టేది ఎంతసేపు, బండ మీద ఎన్ని దెబ్బలు అన్నది గుడ్డను చూసి తేల్చుకోవాలి. ఇది కూడా విలువ కట్టడమే. ఏ సేకర్తకూ తీసిపోని చూపు. ఆ చూపుకు మేం ఇచ్చింది రాత్రి మిగిలిన అన్నం.

"మెషిన్లొచ్చి మీ పని పోయింది కదవ్వా" అన్నాను. నేను ఆశించిన జవాబు రాలేదు. "పని పోయింది, పద్దు డబ్బులూ పోయినాయి. రెండేండ్లు శానా ఇబ్బంది పడినాం. మా కోడలికి మాత్రం రేవు తెలవదు. ఒకరి ఇంటి మైలగుడ్డ ముట్టుకోలా. అది సాలు నాకు" అంది.

ఆ 'మైలగుడ్డ' దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పురుటి బట్టలు, ముట్టు బట్టలు ఉతికింది ఆమే. మెషిన్ వచ్చాక అవి మెషిన్‌లోకి వెళ్ళాయా? వెళ్ళలేదు. "అందరి బట్టలతో అవేంటి" అని అమ్మ విడిగా, పెరట్లో, చేత్తోనే ఉతికింది. నాకూ అలాగే నేర్పింది. లోదుస్తులు తువ్వాలు కింద ఆరేయమంది. విద్యుత్తుతో తిరిగే కొత్త యంత్రానికి మా ఇంట్లో మడి ఉంది. కులం ద్వారా ఒకామె మీద పెట్టిన మైల, ఆమె తప్పుకోగానే ఇంటి ఆడవాళ్ళ చేతుల్లోకి దిగింది తప్ప నీళ్ళలో కలిసిపోలేదు. మెషిన్‌కు వీటిలో ఏదీ తెలియదు. తెలిసినవాళ్ళం మనమే.

ఇప్పుడు మన సాహిత్య విమర్శకొస్తాను. స్త్రీవాద కవిత్వం వంటింటిని రాజకీయ స్థలం చేసింది. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనం చదివి పెరిగిన తరం నాది. విమల 'వంటిల్లు' కవిత గురించి మాట్లాడని తరగతి గది లేదు. మరి చాకిరేవు ఎందుకు ఆ స్థాయి ప్రతీక కాలేదు? నేనిచ్చుకునే జవాబు ఒకటే. వంట మన చేతులతో చేశాం కాబట్టి దాని బరువు మనకు తెలుసు. ఉతుకు మన చేతులతో చెయ్యలేదు. అది చాకలి పద్దులో అంకెలుగానే మనకు తెలుసు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో చిట్యాల ఐలమ్మ మాట్లాడుతుంది. ఆమెను మనం భూమికోసం, పంటకోసం నిలబడిన మనిషిగా సరిగ్గానే గుర్తుపెట్టుకున్నాం. 'చాకలి ఐలమ్మ' అన్న పేరులో ఆ పని ఉంది. ఆ పని గురించి మనం రాసింది ఎంత? 2003లో గోగు శ్యామల తెచ్చిన 'నల్లపొద్దు', 2006లో జూపాక సుభద్రతో కలిసి తెచ్చిన 'నల్లరేగటి సాల్లు' వచ్చాక, మనం అందరి పేరుతో మాట్లాడిన 'ఇల్లు' ఎవరి ఇల్లు అన్న ప్రశ్న తప్పించుకోలేనిదైంది. నేను ఆ పుస్తకాల గురించి ఒక అధ్యాయం రాశాను. ఇంకో అధ్యాయంలో మెషిన్ తీరికనిచ్చిందని రాశాను. రెండూ ఒకే అట్టల మధ్య పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు.

దీనికి ఒక ఎదురుమాట ఉంది, న్యాయమైనదే. అమ్మ నడుము నొప్పులు, అవ్వ అరచేతుల కాయలు చూసి కూడా యంత్రాన్ని తప్పుపడతావా అని. తప్పుపట్టను. కోడలు రేవుకు పోకుండా చేసిన ఏ వస్తువునైనా ఆ అవ్వ ముందు చిన్నబుచ్చే హక్కు నాకు లేదు. బండ మీద ఉతుకులో అందం వెతికే జ్ఞాపకాల రచనలంటే నాకు భయం. నేనంటున్నది వేరు. మెషిన్ శ్రమను మాయం చెయ్యలేదు. దాన్ని ఒక కులం స్త్రీ దగ్గర్నుంచి ఇంకో కులం స్త్రీ దగ్గరకు జరిపింది. జరిపేటప్పుడు ఒక మనిషికి కొంత విడుదల ఇచ్చింది, ఒక మనిషికి పన్నెండు బిందెలు ఇచ్చింది. దీన్ని 'తీరిక' అనే ఒక్క మాటతో మూట కట్టడం విమర్శ కాదు.

ఆ నోటుబుక్కు దొరికింది. అటక మీద, మెషిన్ గ్యారంటీ కాగితాలతో పాటు. చాకలి పద్దు 1996 జూన్ దాకా ఉంది. చివరి పేజీలో చీరలు 3, దుప్పట్లు 4, పంచెలు 2, కింద ఇచ్చిన డబ్బులు, కొట్టివేత. తర్వాతి పేజీ నుంచి పాల లెక్క మొదలైంది. వేరొకరికి డబ్బు ఇవ్వవలసినంత కాలం మా ఇంట్లో ప్రతి గుడ్డకూ లెక్క ఉంది. అవే గుడ్డలు అమ్మ చేతికొచ్చిన రోజు నుంచి లెక్క లేదు. ఆ తర్వాత ఉతికిన చీరలెన్ని, మోసిన బిందెలెన్ని, ఎవరూ రాయలేదు. అమ్మ కూడా రాసుకోలేదు. 2011 జనగణన ఇంట్లో రేడియో, టీవీ, కంప్యూటర్, ఫోన్, సైకిల్, స్కూటర్, కారు ఉన్నాయా అని అడిగింది. వాషింగ్ మెషిన్ గురించి అడగలేదు.

మోటారు రాగిదే అని తేలింది. మెషిన్ బండెక్కింది. నేను నోటుబుక్కూ, జీడి గుర్తున్న ఒక దుప్పటీ ఉంచుకున్నాను. నాకు సేకరణ అంటూ ఉంటే ఇదే. మన ఇళ్ళ అటకల మీద ఇలాంటి పద్దులు ఇంకా ఉంటాయి. అవి పాత కాగితాలవాడి తూకానికి పోకముందే దించి చూడమని ఈ పత్రిక చదివే స్నేహితులను అడుగుతున్నాను. ఎక్కడ ఆగిపోయాయో చూడండి, ఆ తర్వాత ఆ పని ఎవరు చేశారో అడగండి.

సిద్ధాంత గ్రంథంలో వాక్యాన్ని కొట్టేశాను. దాని స్థానంలో రాయవలసింది ఒక వాక్యంలో ఇమడలేదు. కొత్త అధ్యాయం మొదలుపెట్టాను. దానికోసం మళ్ళీ గిద్దలూరు వెళ్ళాలి. ఈసారి అవ్వను అభిప్రాయం అడగను. లెక్క అడుగుతాను.